రెండో బ్రేకు

డ్రైవింగ్ స్కూలు కారులో బ్రేకులు రెండుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్కసీట్లో నేర్పేవాళ్ళ కాలి కింద. ఆ రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని సగం జీవితం గడిపేసిన మనిషిని ఊళ్ళో అందరూ బ్రేక్ మేడమ్ అంటారు. ఎదురుగా మాత్రం అనరు. అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆమెకి కోపం ముక్కు మీదే ఉంటుందని చెప్పుకుంటారు గానీ, అది పూర్తిగా నిజం కాదు. ఆమె కోపం కుడికాలి అరికాల్లో ఉంటుంది. అక్కడ పుట్టి నెత్తికెక్కేలోపు కారు కీచుమని ఆగిపోతుంది.

అలవాటంటే అలాంటిలాంటి అలవాటు కాదది. బస్సెక్కినా నేలను తొక్కుతూనే ఉంటుంది. సినిమా హాల్లో తెర మీద కారు మలుపు తిరిగితే ముందు సీటువాళ్ళ వీపు అదురుతుంది. ఒకసారి పళ్ళ డాక్టరు కుర్చీని వెనక్కి వాల్చాడు. ఈమె కాలు విసిరిన విసురుకి ఆయన పనిముట్ల పళ్ళెం కాస్తా గోడకి కొట్టుకుంది. "నొప్పి పెట్టిందా అమ్మా?" అని ఆయన కంగారుపడ్డాడు. "లేదు, మీరు చెప్పకుండా వెనక్కి పోనిచ్చారు," అంది ఆమె. తప్పు ఆయనదే అన్నట్టు.

కార్లంటే ఆమెకి ప్రాణం. అందుకే కొత్త కార్లంటే ఒళ్ళు మంట. స్కూలు ఓనరు ఈమధ్య కొత్త కారు కొని, తాళాలు ఆమె చేతికిచ్చి, మెచ్చుకుంటుందని ఎదురు చూశాడు. ఆమె లోపల కూర్చుని నాలుగువైపులా తడిమి, "మీటలేవీ?" అంది. అన్నీ తెరలోనే ఉన్నాయని ఆయన గర్వంగా చెప్పాడు. ఇక చూడాలి. ఒకప్పుడు గాలి తగ్గించాలంటే గుండ్రటి మీట ఒకటుండేది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా వేళ్ళే వెళ్ళి దాన్ని తిప్పుకునేవి. ఇప్పుడు తెరని ఒకచోట పొడవాలి, అది ఇంకో బొమ్మ చూపిస్తుంది, దాన్నీ పొడవాలి. "రోడ్డు చూడండి, రోడ్డు చూడండి అని నేను పొద్దస్తమానం గొంతు చించుకుంటుంటే, ఈ మాయదారి తెర నన్ను చూడు నన్ను చూడు అంటోంది. దీంట్లో నేనెవరికి ఏం నేర్పాలండీ?" అని నిప్పులు చెరిగింది. ఓనరు ఆ రోజు నుంచి ఆమెకి పాత కారే ఇస్తున్నాడు. ఆమెకి కావలసిందీ అదే.

రైళ్ళ సంగతికొస్తే ఇంకో గోల. కిటికీలు తెరుచుకోని రైలుని ఆమె రైలుగా ఒప్పుకోదు. చిన్నప్పుడు అన్నయ్యా తనూ కిటికీ పక్క చోటు కోసం జుట్లు పట్టుకునేవాళ్ళు. బండి పెద్ద వంపు తిరిగినప్పుడు తల బయటపెడితే ముందున్న ఇంజను కనిపించేది. తాము ఎక్కిన బండికి ముఖమెలా ఉంటుందో చూసుకునే వీలు అప్పుడొక్కటే. కంట్లో దుమ్ము పడి రోజంతా నలుపుకున్నా సరే, ఇద్దరిలో ఎవరూ తల లోపలికి తీసుకునేవాళ్ళు కాదు. ఇప్పటి రైళ్ళలో అద్దం అవతల ఊళ్ళు ఊళ్ళే దాటిపోతున్నా, జనం తలొంచుకుని ఫోన్లలో రైలు ఆటలు ఆడుకుంటున్నారని ఆమె పళ్ళు నూరుతుంది.

అలాగని వీడియో గేములంటే గిట్టదనుకునేరు. పిచ్చి. యాభై దాటిన మనిషి సాయంత్రం ఇంటికొచ్చి చేతిలో కంట్రోలర్ పట్టుకుని కూర్చుంటుందంటే బంధువులు నవ్వుతారు. నవ్వనీ. ఆమె కోపం వాళ్ళ మీద కాదు, ఆటలు చేసేవాళ్ళ మీద. వస్తువు కొనుక్కొచ్చి పెట్టాక ఆడుకోనివ్వాలా వద్దా? ఇవ్వరు. అప్‌డేట్ అవుతోంది, వేచి ఉండండి అంటుంది తెర. ఈలోగా వంట చేసి, తిని, గిన్నెలు కడిగి, బట్టలు మడతపెట్టొచ్చు. తిరిగొచ్చి చూస్తే ఇంకా వేచి ఉండండి అనే అంటుంది. "అద్దెకున్నవాళ్ళు ఇంటివాళ్ళని గుమ్మంలో నిలబెట్టినట్టుంది," అని తిట్టుకుంటుంది. తిట్టుకుంటూనే ఆడుతుంది.

ఆడేది ఒక్కటే ఆట. రైలు నడిపే ఆట. అందులో తుపాకుల్లేవు, దొంగల్లేవు. బండిని స్టేషన్ నుంచి కదిలించాలి, సిగ్నళ్ళు చూసుకోవాలి, టైముకి మరో స్టేషన్లో కుదుపు లేకుండా ఆపాలి, అంతే. దాని కోసం చేతిపిడి ఉన్న పరికరం కూడా ఒకటి కొంది, ముందుకు తోస్తే వేగం, వెనక్కి లాగితే బ్రేకు. కానీ ఆ పిడి ఆమె చేతిలో ఉండేది తక్కువ. అది అన్నయ్యది.

అన్నయ్య నిజం రైళ్ళే నడిపాడు. ఉద్యోగంలో చేరింది మొదలు ఇంజను గదిలోనే బతికాడు. తర్వాత కళ్ళు మోసం చేశాయి. పక్కలన్నీ బాగానే కనిపిస్తాయి, సరిగ్గా చూపు ఎక్కడ నిలుపుతాడో అక్కడ మసక. ఎదురుగా నిలబడ్డ మనిషి భుజాలు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. ఇంజను నడిపేవాడికి కావలసిందల్లా ఆ మధ్య చూపే. వైద్య పరీక్ష అయిన రోజే ఇంజను మీంచి దింపేశారు, కొన్నాళ్ళు ఆఫీసులో కుర్చీ ఇచ్చారు, ఆ పైన ఇంటికి పంపారు. కారు కూడా నడపొద్దని కళ్ళ డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. షెడ్డులో నాన్న కొన్న పాతకారు ఉంది. అన్నయ్య దాన్ని రోజూ తుడుస్తాడు, ఇంజను ఆన్ చేసి వింటాడు, ఆపేస్తాడు.

ఆమె ఉండేది అదే ఇంటి పై వాటాలో. పెళ్ళి జోలికి పోలేదు. పక్కసీట్లో కూర్చుని ఇంకొకరి తప్పులు కాచుకునే పని బయట చాలు, ఇంట్లో కూడా ఎందుకు అంటుంది. సాయంత్రం కాగానే కిందికి దిగి, టీవీ ముందు అన్నయ్య పక్కన కూర్చునేది. ఇంజను గదిలో ఒక పద్ధతి ఉందని అన్నయ్యే ఆమెకి నేర్పాడు. ఎదురుగా సిగ్నల్ కనపడగానే ఒకరు పైకి చెప్పాలి, రెండోవాళ్ళు అదే మాట తిరిగి చెప్పాలి. చూశానని తల ఊపితే చాలదు. నోటితో అనాలి.

"పసుపు," అనేది ఆమె.

"పసుపు," అనేవాడు అన్నయ్య, పిడి కాస్త వెనక్కి లాగుతూ.

వంటింట్లోంచి వదిన నవ్వేది. "ఇల్లా, స్టేషనా ఇది? కూర మాడిపోతోందని కూడా ఎవరైనా అనండి."

అలా ఎంతకాలమైనా సాగేది. ఒకరోజు అన్నయ్యకి ఏం పుట్టిందో, "ఇవాళ నువ్వు చెప్పకు. నేనే చూస్తా," అన్నాడు. ఆమె నోరు కట్టేసుకుని కూర్చుంది. ఎర్రదీపం వచ్చింది. అన్నయ్య చూపుని కాస్త పక్కకి పెట్టి, మళ్ళీ ఇటు పెట్టి వెతుక్కున్నాడు. బండి ఆ దీపాన్ని దాటేసింది. తెర నల్లబడి, డ్యూటీ రద్దు అని పెద్ద అక్షరాలు వచ్చాయి. అన్నయ్య పిడి పక్కన పెట్టి, గదిలోకెళ్ళి, దీపం వేసుకోకుండా కుర్చీలో కూర్చున్నాడు. వదిన భోజనానికి పిలిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. షెడ్డు వైపు కూడా వెళ్ళలేదు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. ఆ కళ్ళ మీద, ఆ నల్లటి తెర మీద, ముఖం మీదే డ్యూటీ రద్దు అని రాసినవాడి మీద. మనిషి పోతే కూడా ఇంతకంటే మర్యాదగా చెబుతారు కదా అనుకుంది. ఆ కోపంలోనే ఆటలో సెట్టింగులు తెరిచి, అడుగున ఉన్న ఒక మీట నొక్కింది. కొత్తగా ఆడేవాళ్ళ కోసం పెట్టిన సహాయక బ్రేకు అది. ఆడేవాళ్ళు ఆలస్యం చేస్తే ఆటే బ్రేకు వేసుకుంటుంది. తెర మూలన చిన్న గుర్తు ఒకటి వెలుగుతుంది, అంతే. అది అన్నయ్యకి ఎలాగూ కనపడదు.

తర్వాత అన్నయ్య గదిలోకెళ్ళి, "ఇంకోసారి ఆడు. నేను నోరెత్తితే ఒట్టు," అంది.

అన్నయ్య ఆడాడు. ఎర్రదీపం ముందు బండి బుద్ధిగా ఆగింది. ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. రోజులు గడిచేకొద్దీ అన్నయ్య ముఖంలో కళ వచ్చింది. పక్కచూపుతో చూడడం అలవాటైందనీ, కళ్ళకి బతకడం తెలిసిందనీ చెప్పేవాడు. "డాక్టరుకి గోడ మీద అక్షరాలు తెలుసు గానీ దారి తెలియదే," అని నవ్వేవాడు. వదిన చాటుగా ఆమె చెయ్యి పట్టుకుని, "నీ పుణ్యమా అని మళ్ళీ మనిషయ్యాడు," అంది. ఆమె మూలన వెలిగే ఆ చిన్న గుర్తు వైపు చూడకుండా ఉండడం నేర్చుకుంది. ఊరందరికీ ముఖం మీద చెప్పే మనిషికి ఇంట్లో ఆ ఒక్క మాట గొంతు దిగలేదు, పైకి రాలేదు.

ఒకరోజు ఫోనొచ్చింది. అన్నయ్య కూతురు పసిబిడ్డని తీసుకుని ఆదివారం రైల్లో వస్తోంది. పుట్టాక మనవరాలు తాతగారింటికి రావడం ఇదే మొదలు.

"స్టేషన్‌కి నేనే వెళ్తా," అన్నాడు అన్నయ్య. "నాన్న కారులో."

వదిన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "డాక్టరు..."

"డాక్టరు చూశాడా నేను నడపడం? ఇది చూస్తోందిగా రోజూ. చెప్పవే, ఇన్నాళ్ళలో ఒక్క సిగ్నలన్నా తప్పానా?"

వదిన ఆమె వైపు తిరిగింది. "పదిమందికి నేర్పేదానివి. నువ్వు సరే అంటే నేనూ సరే అంటా."

అప్పుడే చెప్పేయాలి. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ చెబితే ఏమవుతుందో అనుకోగానే దీపం లేని ఆ గదీ, ఆ కుర్చీ మళ్ళీ కళ్ళముందుకొచ్చాయి. నిజం చెప్పలేనప్పుడు మనుషులు చేసే పనే ఆమె కూడా చేసింది. అరిచింది.

"బొమ్మ రైలు ఆపినంత మాత్రాన రోడ్డెక్కేస్తావా? రోడ్డుకి పట్టాలున్నాయా? అడ్డమైనవాళ్ళందరూ అడ్డదిడ్డంగా వస్తారక్కడ!"

"అరవకు. పరీక్ష పెట్టు, పాసవుతా."

"సరే, ఆదివారం పొద్దున్నే స్కూలు కారు తెస్తా. దాంట్లో వెళ్దాం."

అన్నయ్య ముఖం మాడిపోయింది. "రెండో బ్రేకున్న కారులోనా? నేనేమన్నా నేర్చుకోడానికొచ్చిన పిల్లాడినా? నాన్న కారులో అయితే రా, లేకపోతే మానెయ్."

ఆదివారం పొద్దున్న, రైలు రావడానికి చాలా ముందే, ఇద్దరూ నాన్న కారులోనే పరీక్షకి బయల్దేరారు. రోడ్ల మీద జనం లేరు. గోడౌన్ల మధ్య ఉండే వెడల్పాటి వీధిలోకి తీసుకెళ్ళమని ఆమే చెప్పింది. వీధి చివరికి చేరేలోపు ఏదో ఒక తప్పు చేస్తాడు, తనే ఒప్పుకుని తాళాలిచ్చేస్తాడు, తను నోరు తెరవక్కర్లేదు. ఇదీ ఆమె లెక్క.

తప్పే చేయలేదు. ఆమె తిట్టుకుంటూనే ముచ్చటపడింది. గేరు మారినట్టే తెలియలేదు, ఇంజను మూలగలేదు. పక్కన ఆగి ఉన్న లారీకి ఎంత ఎడం వదలాలో అంతే వదిలాడు. స్కూల్లో చేరినవాళ్ళలో ఇలా నడిపేవాళ్ళని ఆమె ఎన్నడూ చూడలేదు. ఏమో, నిజంగానే కళ్ళు అలవాటు పడ్డాయేమో అని ఒక క్షణం నమ్మేసింది. కాలు కూడా సడలింది.

అప్పుడు నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. ఎర్రదీపం వెలుగుతోంది. పక్కరోడ్డు మీంచి రొట్టెల వ్యాను వస్తోంది.

కారు వేగం తగ్గలేదు.

ఆమె కాలు నేలని తొక్కింది. కింద రబ్బరు పట్టా తప్ప ఏమీ లేదు. మళ్ళీ తొక్కింది. అన్ని ఏళ్ళు కాపాడిన కాలు ఉత్త నేలని తంతోంది. అన్నయ్య ప్రశాంతంగా ముందుకు చూస్తున్నాడు, సరిగ్గా దీపం ఉన్నచోటికే చూస్తున్నాడు.

"ఎరుపు!" అని కేక పెట్టింది.

"ఎరుపు," అన్నాడు అన్నయ్య. అంటూనే బ్రేకు తొక్కాడు. ఆలోచించి తొక్కింది కాదు, ఇంజను గదిలో ఏళ్ళతరబడి నోరు అన్నది కాలూ చెయ్యీ చేసిన అలవాటు అది. కారు గీత దాటి ఆగింది. రొట్టెల వ్యాను హారన్ కొట్టుకుంటూ ముందునుంచి దూసుకుపోయింది. డ్రైవరు తిట్టిన తిట్టు అద్దంలోంచి వినపడలేదు గానీ అర్థమైంది.

అన్నయ్య స్టీరింగ్ వదల్లేదు. "నాకు కనపడలేదు," అన్నాడు. "అదేంటి? ఆటలో ఒక్కటి కూడా తప్పడం లేదుగా."

ఆమె ముందు అద్దం వైపు చూస్తూ చెప్పింది. "ఆటలో బ్రేకు నువ్వు వేయడం లేదు. సహాయక బ్రేకు పెట్టాను. నీకు తెలియకుండా."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు చీకట్లో కూర్చున్నప్పటి నుంచి."

ఇన్నేళ్ళలో అన్నయ్య ఆమె మీద గొంతు పెంచింది లేదు. కోపం ఆమె సొత్తన్నట్టు ఇల్లంతా ఆమెకే వదిలేసిన మనిషి. ఇప్పుడు తలుపు తీసుకుని రోడ్డు మీదకి దిగి, వంగి, కారు లోపలికి అరిచాడు.

"ఇంజనులో నా పక్కన ఎంతమంది పనిచేశారో నీకు తెలుసా? తాగుబోతులున్నారు, బద్ధకిష్టులున్నారు, నేనంటే పడనివాళ్ళున్నారు. ఒక్కడంటే ఒక్కడు నాకు సిగ్నల్ అబద్ధం చెప్పలేదు. నాతో మాటలు మానేసినవాడు కూడా సిగ్నల్ మాత్రం చెప్పేవాడు! నువ్వు నా చెల్లెలివి!"

"తిండి మానేసి కూర్చుంటే ఏం చేయమంటావ్? చూస్తూ ఊరుకోమంటావా?" ఆమె కూడా అరిచింది.

"ఊరుకో! మానేయనీ! అది నా కళ్ళ గొడవ, నేను పడతా. ఇవాళ పసిదాన్ని ఎక్కించుకుని ఉంటే? నేను చూడలేనని నీకొక్కదానికే తెలుసు. నాక్కూడా తెలియదు. అది తెలుసా నీకు? నాక్కూడా తెలియదు!"

 అన్నయ్య తాళాలు సీటు మీదకి విసిరి, గోడ వారగా నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయాడు. కారుని ఆమె తీసుకొచ్చింది. స్టేషన్‌కి కూడా ఆమే వెళ్ళింది. వెనకసీట్లో మేనకోడలు కబుర్లు చెబుతూనే ఉంది, ఒళ్ళో పిల్ల నిద్రపోయింది. ప్రతి ఎర్రదీపం దగ్గరా ఆమె చాలా ముందే ఆగింది. వెనకవాళ్ళు హారన్లు కొడితే మామూలుగా అయితే దిగి దుమ్ము దులిపేది. ఆ రోజు ఎవరినీ ఏమీ అనలేదు.

ఆ తర్వాత అన్నయ్య ఆమెతో మాట్లాడలేదు. ఆమె మెట్లు దిగి వస్తే అటు తిరిగేవాడు. మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని, ముఖం కనపడక, వేళ్ళతో బుగ్గలు తడుముకునేవాడు. గదిలో చీకటి చేసుకుని కూర్చోలేదు, తిండీ మానలేదు. కోపం ఆయన్ని బాగానే నిలబెట్టింది. అది చూస్తే ఆమెకి ఇంకా కోపం వచ్చేది. తను అబద్ధమాడి కాపాడక్కర్లేని మనిషినే కాపాడబోయి పారేసుకుంది. స్కూల్లో ఆ వారమంతా ఎవరి తప్పుకీ రెండో బ్రేకు తొక్కకుండా నోటితోనే చెప్పింది. "మేడమ్‌కి ఒంట్లో బాలేదేమో," అనుకున్నారు నేర్చుకునేవాళ్ళు.

కూతురూ మనవరాలూ వెళ్ళిపోయాక ఒక సాయంత్రం ఆమె కిందికి దిగి, టీవీ పెట్టి, సెట్టింగులు తెరిచి, ఆ సహాయక బ్రేకు తీసేసింది. "తీసేశాను," అని గోడకి చెప్పినట్టు పైకి చెప్పింది. మూలన గుర్తు ఆరిపోయింది. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

చాలాసేపటికి అన్నయ్య వచ్చి తన చోట కూర్చున్నాడు. ఆమె వైపు చూడలేదు. పిడి చేతిలోకి తీసుకుని, "సిగ్నల్ చెప్పు," అన్నాడు.

బండి కదిలింది. స్టేషన్ దాటింది, పొలాలు దాటింది. దూరంగా దీపం కనపడింది. ఆమె చెప్పింది.

"పచ్చ."

అన్నయ్య తిరిగి అనలేదు. ఆమె మళ్ళీ, ఇంకాస్త గట్టిగా, "పచ్చ," అంది.

"నిజంగానా?" అన్నాడు అన్నయ్య.

ఆ మాటకి ఆమె అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకెవరైనా అయితే ఈపాటికి చెవులు చిల్లులు పడేవి. కానీ ఈసారి తిట్టడానికి ఓనరు లేడు, తెరలు చేసేవాడు లేడు, కళ్ళ డాక్టరు లేడు. తిట్టుకోవలసిన మనిషి ఆ సోఫాలోనే, తన చోట్లోనే కూర్చుని ఉంది.

"నిజంగా. పచ్చ."

అన్నయ్య పిడి వెనక్కి లాగాడు. బండి మెల్లగా, కుదుపు లేకుండా, వెలుగుతున్న పచ్చదీపం ముందు ఆగిపోయింది. ఆలస్యం అవుతోందని తెర మీద అక్షరాలు వచ్చాయి. వాటినీ ఆమె చదివి వినిపించింది. అన్నయ్య విన్నాడు. బండిని కదల్చలేదు.

చెయ్యి మాత్రం పిడి మీంచి తీయలేదు.

"పచ్చ," అంది ఆమె మళ్ళీ.